విల్ఫ్‌కి మిగిలిన మాట

విల్ఫ్ హాడ్విన్ తన షెడ్డులోనే పడిపోయాడు. రొయ్యలు ఉడికే గంగాళం కింద మంట ఇంకా మండుతూనే ఉంది. వంటింట్లో ఉన్న భార్య అవ్రిల్‌కి మాడువాసన తగిలి పరిగెత్తుకొచ్చేసరికి అతను కుడివైపుకి ఒరిగి నేలమీద ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూతి మాత్రం ఒక పక్కకి లాగేసింది.

ఆస్పత్రిలో చాలా రోజులు అతని నోట శబ్దమే లేదు. ఒక ఉదయం నర్సు దుప్పటి సర్ది, దిండు ఎత్తు చేసి, "ఇప్పుడు హాయిగా ఉందా?" అని అడిగితే "రైట్" అన్నాడు. స్పష్టంగా, ఎప్పటి తన గొంతుతోనే. అవ్రిల్ నర్సు చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఒక మాట వచ్చిందంటే మిగతావి దాని వెనకే వస్తాయనుకుంది.

రాలేదు. ఇంటికొచ్చాడు, క్రిస్మస్ వెళ్ళిపోయింది, ఇసుకమేటల మీద చలిగాలి తిరగబడింది. మంచినీళ్ళు కావాలన్నా రైట్. వద్దన్నా రైట్. కోపమొచ్చినా, కన్నీళ్ళొచ్చినా రైట్.

మాటలు నేర్పడానికి బెత్ అనే అమ్మాయి వారం వారం వచ్చేది. ఓపికైన పిల్ల. అవ్రిల్‌ని వంటింట్లోకి తీసుకెళ్ళి నెమ్మదిగా చెప్పింది. "ఆయనకి అన్నీ అర్థమవుతున్నాయండీ. లోపల మాట సిద్ధంగానే ఉంటుంది. బయటికొచ్చేటప్పుడే, ఏది చెప్పబోయినా అదొక్కటే వస్తోంది. తల ఊపడాన్ని కూడా నమ్మకండి, అవుననడానికీ కాదనడానికీ ఒకేలా ఊపేస్తున్నారు. చేత్తో చూపించినా అంతే."

"మరి నేనేం నమ్మాలి?"

"మొహం చూడండి. గొంతు వినండి."

"పెళ్ళయినప్పట్నుంచీ ఆ మొహమే చూస్తున్నానమ్మా. మాటలున్న రోజుల్లోనే ఏమీ చెప్పేవాడు కాదు," అంది అవ్రిల్. ఇద్దరూ నవ్వుకున్నారు.

మా వైపు ఆ మాటకి చాకిరీ ఎక్కువ. దారిలో ఎదురైనవాడు "రైట్?" అంటే కులాసానా అని. మోకాళ్ళు చరుచుకుని లేస్తూ అంటే ఇక బయల్దేరదామని. విల్ఫ్ అలా అన్నాడంటే ఇంటిల్లిపాదీ బూట్లు వెతుక్కునేవాళ్ళు. సాగదీసి అంటే నీ మాట నమ్మడం లేదని, పళ్ళ బిగువున అంటే ఉండు నీ సంగతి చెప్తానని. చలి ముందు చేర్చితే చలి రెట్టింపవుతుంది. తప్పు కానిదీ అదే, ఎడమ కానిదీ అదే, మనిషికి న్యాయంగా దక్కాల్సిందీ అదే. ఏ "కుండ" అనో "నెమలి" అనో మిగలకుండా ఇన్ని పనులకొచ్చే మాట మిగిలినందుకు అదృష్టమే అంది బెత్. అవ్రిల్ కూడా మొదట్లో అలాగే అనుకుంది. గొంతు ఎత్తీ దించీ, సాగదీసీ తుంచీ, అతను ఆ ఒక్క మాటతోనే సంసారం లాక్కొస్తాడనుకుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నుంచీ మొదలుపెట్టాడు. "రైట్. రైట్." టీ తెచ్చింది. కాదు. పేపరు తెచ్చింది, దుప్పటి తెచ్చింది, మూత్రం డబ్బా తెచ్చింది. దేనికీ ఆగలేదు. ఉప్పుసీసా వైపు చెయ్యి చూపించాడు. ఉప్పు తెచ్చి ముందు పెడితే సీసా విసిరి గోడకి కొట్టాడు. మధ్యాహ్నానికి ఆమె ఓపిక అయిపోయింది. "ఇంకో మాట చెప్పు! లేదంటే నోరు మూసుకో!" అని అరిచి, తలుపు ధడాలున వేసుకుని పెరట్లో చలిలో నిలబడింది. సాయంత్రం స్నానానికని చొక్కా విప్పినప్పుడు వీపు దగ్గర ఏదో గట్టిగా తగిలింది. తీగమీద బట్టలకి పెట్టే క్లిప్పు. ఆరిన చొక్కా మడతలో ఉండిపోయింది. రోజంతా దానికే ఆనుకుని కూర్చున్నాడు. వీపు మీద రక్తం గడ్డకట్టి ఉంది.

ఆమె ఆ గాయం మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయింది. "రైట్," అన్నాడు విల్ఫ్ మెత్తగా. క్షమించానన్నాడో, నొప్పిగా ఉందన్నాడో ఆమెకి తెలియలేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, లియాన్. చిన్నప్పట్నుంచీ తండ్రితో ఇసుకల మీదికి వెళ్ళిన పిల్ల. ఆటుకి సముద్రం మైళ్ళకొద్దీ వెనక్కి పోయినప్పుడు ట్రాక్టరుకి వలలు కట్టుకుని వెళ్ళడం, పాయల అంచున రొయ్యలు లాగడం, పోటు తిరక్కముందే ఒడ్డుకి చేరడం, ఇదే మా పని. అక్కడ నేల నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. నది తనకి తోచినప్పుడు పాయ మార్చుకుంటుంది, గట్టి నేల ఊబవుతుంది. తండ్రి పడిపోయాక లియాన్ ఒక్కతే వెళ్ళొస్తోంది. విల్ఫ్ ముందుగది కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో బైనాక్యులర్ పట్టుకుని, వెలుతురున్నంతసేపూ ఇసుకల్నే చూసేవాడు. నీళ్ళు ఎటు జరుగుతున్నాయో ఊళ్ళో అతనంత శ్రద్ధగా కనిపెట్టినవాడు లేడు. కనిపెట్టింది చెప్పడానికి మాత్రం దారి లేదు.

మార్చిలో ఆ పొద్దున్న లియాన్ రబ్బరు బూట్లతోనే లోపలికొచ్చింది.

"అమ్మా, తిట్టకు, గుమ్మం దాటి రాను. నాన్నా, ఆటు బాగా తీసింది. ఇవాళ పాత పాయ దాటి అవతలికెళ్తా. అక్కడ రొయ్య దండిగా ఉందన్నాడు బ్రయన్."

"రైట్," అన్నాడు విల్ఫ్.

"నాలుగు బుట్టలైనా పడాలి."

"రైట్. రైట్. రైట్!" కుర్చీ చేతిని ఎడమచేత్తో బాదాడు. ఒళ్ళో బైనాక్యులర్ జారి కిందపడింది.

"చూడమ్మా, నాకంటే ఈయనకే తొందరగా ఉంది," అని లియాన్ నవ్వి, బూట్ల సంగతి మర్చిపోయి లోపలికొచ్చి, బైనాక్యులర్ తీసి తండ్రి ఒళ్ళో పెట్టి, బట్టతల మీద ముద్దుపెట్టింది.

"వెళ్ళవే తల్లీ, మీ నాన్న తరిమేస్తున్నాడు," అంది అవ్రిల్ వంటింట్లోంచి.

ట్రాక్టరు చప్పుడు దూరమయ్యాక కూడా అతను ఆపలేదు. రైట్, రైట్ అంటూ చెయ్యి నొప్పెట్టేదాకా బాదుతూనే ఉన్నాడు. అవ్రిల్ రేడియో గొంతు పెంచింది.

కొంతసేపటికి వినబడటం మానేసింది. అయిపోయింది కాబోలనుకుని గిన్నెలు కడుక్కుంది. చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకొస్తే కిటికీ బయట ఏమీ లేదు. తోటగోడ కూడా లేదు. సముద్రం మీంచి పొగమంచు వచ్చి గాజు అద్దానికి తెల్లగా అంటుకుపోయింది. విల్ఫ్ ఆ తెలుపులోకి చూస్తూ కూర్చున్నాడు. నోరు తెరిచి ఉంది, మాట లేదు. ఆ నెలల్లో మొదటిసారి అవ్రిల్‌కి, అతను ఆ మాటైనా అంటే బాగుండుననిపించింది.

అప్పుడు ఫోన్ మోగింది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వచ్చిన రోజులు. ఇసుకల మీద సగం చోట్ల అందేవి కావు.

"అమ్మా, విను, మధ్యలో మాట్లాడకు." లియాన్ రొప్పుతోంది. "ట్రాక్టరు ఊబిలో దిగిపోయింది. వదిలేశా. నడుస్తున్నా. దిక్సూచి ఉంది, ఇల్లు ఎటో తెలుసు. కానీ ముందు పాయ ఉందమ్మా. ఈ పాయ ఇక్కడ ఉండకూడదు. నిండుతోంది."

"రక్షణ పడవవాళ్ళకి చెప్పావా?"

"చెప్పా. బయల్దేరారు. ఈ మంచులో నేనెక్కడున్నానో వాళ్ళకేం తెలుస్తుంది? నాన్నని అడుగు. ఈ పాయని చుట్టి రావాలి. ఎటు తిరగాలి, కుడికా, ఎడమకా? ఇంటివైపే మొహం పెట్టి నించున్నా. తొందరగా అడుగమ్మా."

అవ్రిల్ రిసీవరు గుండెకి హత్తుకుని అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "విల్ఫ్, లియాన్ చిక్కుకుపోయింది. ముందు పాయ ఉంది. ఇంటివైపు తిరిగి ఉంది. చుట్టి రావాలంటే ఎటెళ్ళాలి? కుడికా, ఎడమకా?"

"రైట్," అన్నాడు విల్ఫ్.

ఆమె రిసీవరు నోటి దగ్గరికి తెచ్చుకుంది. కుడికట, అనబోయి ఆగింది.

అతనికి ఉన్నది ఆ ఒక్క మాటే. కుడైనా అదే అంటాడు, ఎడమైనా అదే అంటాడు. లోకంలో ఇంకే ప్రశ్న అడిగినా ఏదో ఒక దారి ఉండేది. ఈ ఒక్క ప్రశ్నకీ అతని మాట జవాబులా వినబడుతుంది, అది జవాబో కాదో ఎవరూ చెప్పలేరు. ఆమె ఆగడం చూసి అతనికీ అర్థమైంది. కళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి.

"కుడివైపా?" అంది.

"రైట్." తల ఊపాడు.

"ఎడమవైపా?"

"రైట్!" తల ఊపాడు.

"చెయ్యి పెట్టి చూపించు. ఇదిగో, ఇది పాయ అనుకో. చూపించు." అతని ఎడమచెయ్యి పట్టుకుని లేపింది. ఆ చెయ్యి అటు ఊగింది, ఇటు ఊగింది, చివరికి ఆమె భుజం మీద పడి చొక్కాని గుప్పిట్లో బిగించింది.

"చర్చి వైపా? కొండ వైపా? విల్ఫ్, దేవుడి పేరు చెప్పి అడుగుతున్నా!"

"రైట్, రైట్, రైట్..."

ఫోన్లో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. "అమ్మా! మోకాళ్ళ దాకా వచ్చింది. ఏమంటున్నాడు? ఏదో ఒకటి చెప్పు!"

అప్పుడామె చేసిన పని గురించి మా ఊళ్ళో ఇప్పటికీ రెండు రకాలుగా మాట్లాడుకుంటారు. రిసీవరు నోటికి ఆనించి, చూపు మాత్రం భర్త మొహం మీద నిలిపి, రెప్ప వెయ్యకుండా అంది.

"లియాన్, కుడికెళ్ళు. నాన్న కుడికంటున్నాడు."

ఆ మొహం అంతకుముందు ఎన్నడూ అలా అవడం ఆమె చూడలేదు. విల్ఫ్ లేవబోయాడు. పడిపోయిన కాలు మీదే లేవబోయాడు. కుర్చీతో సహా ముందుకి కూలిపోతూ, దొరికిన ఫోన్ తీగని ఎడమచేత్తో పట్టుకుని లాగాడు. నోట్లోంచి వచ్చింది మాట కాదు, పశువు పెట్టే కేక.

"కాదు!" అవ్రిల్ అరిచింది. "కుడికొద్దు! ఎడమకి! లియాన్, ఎడమకి, ఎడమకి!"

నేలమీద విల్ఫ్ కళ్ళు మూసుకున్నాడు. "రైట్," అన్నాడు ఊపిరితో. ఆఖరి వల కట్టేశాక, ఆఖరి బుట్ట దించేశాక అనేవాడే, అచ్చం అలా. ఆ గొంతులో ఆమెకి అనుమానం లేదు. ఎడమే.

కానీ రిసీవరులో ఏమీ లేదు. నీళ్ళ చప్పుడు లేదు, రొప్పు లేదు. ఆమె చూపు తీగ వెంట గోడదాకా వెళ్ళింది. తీగ గోడలోంచి ఊడొచ్చి అతని గుప్పిట్లో ఉంది.

ఎప్పుడు ఊడింది? ఆమె కుడికన్నాకా, ఎడమకన్నాకా? లియాన్ చెవిలో ఆఖరుగా పడ్డ మాట ఏది?

తీగ మళ్ళీ గోడలో గుచ్చి, నంబరు నొక్కింది. మోగలేదు. మళ్ళీ నొక్కింది. తలుపు తీసి మంచులోకి "బ్రయన్!" అని గొంతు చించుకుంది. పక్కింటి బ్రయన్ అప్పటికే బూట్లు వేసుకుని రోడ్డు మీద ఉన్నాడు. పడవవాళ్ళు అతనికీ ఫోన్ చేశారు.

"ఎడమ... నేను ముందు కుడికని చెప్పాను బ్రయన్, తర్వాత ఎడమకన్నాను, అది విందో లేదో నాకు..."

"నాకేం అర్థం కావట్లేదు అవ్రిల్. నువ్వు లోపలికెళ్ళు. ట్రాక్టర్లన్నీ ఒడ్డుకి తెచ్చి హారన్లు కొడుతున్నాం. ఆ చప్పుడు పట్టుకుని వస్తుంది. మన పిల్ల గట్టిది."

విల్ఫ్‌ని ఒక్కతీ లేపలేకపోయింది. తలకింద దిండు పెట్టి, దుప్పటి కప్పి, పక్కనే నేలమీద కూర్చుంది. బయట హారన్లు మొదలయ్యాయి. ఒకటి ఆగితే ఇంకొకటి, మంచులో ఆవులు అరిచినట్టు. పొద్దున్నే చెప్పాడు కదా, అనుకుంది. చెయ్యి నొప్పెట్టేదాకా చెప్పాడు, నేను రేడియో పెంచాను. వెళ్ళొద్దని తప్ప ఇంకేం చెప్పి ఉంటాడు?

"విందంటావా, విల్ఫ్?" అని అడిగింది.

"రైట్."

అది ఏ రకమో ఈసారి ఆమెకి తెలియలేదు. అతనికీ తెలియదేమో. అతని చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పోటు పూర్తిగా వచ్చేసిందని తోటగోడ అవతల నీళ్ళు తగిలే చప్పుడు చెప్పింది. ఆ తర్వాత హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎందుకు ఆపేశారో బయటికెళ్ళి చూసే ధైర్యం లేక, అవ్రిల్ అతని భుజం మీద తల పెట్టుకుని పడుకుంది.

తలుపు తోసుకుని బ్రయన్ వచ్చాడు, లియాన్‌ని సగం మోస్తూ. ఒక కాలికి బూటు లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. బ్రయన్ కోటు కింద మెడదాకా తడిసి ఉంది. కొండవైపు బురదలో తేలిందట. హారన్ల కోసం చెవులు రిక్కించుకుని నాలుగు కాళ్ళ మీద పాకుతూ ఒడ్డెక్కిందట.

అవ్రిల్ లేచి చేతులు చాచింది. లియాన్ కదల్లేదు.

"కుడికెళ్ళమన్నావు," అంది.

"వెళ్ళావా?"

"వెళ్ళక? అమ్మ చెప్పిందిగా." పళ్ళు టకటకలాడుతున్నాయి. "నాలుగడుగులకే నేల లేదు. మెడదాకా మునిగిపోయా. ఫోను పైకెత్తి పట్టుకున్నా. అందులోంచి నువ్వు ఎడ... అని అరవడం వినపడింది. సగమే. ఆ సగం పట్టుకుని వెనక్కి ఈదా."

అవ్రిల్ చెప్పింది. ఎందుకలా అందో, అతని మొహం ఎలా అయిందో, తీగ ఎలా ఊడిందో, ముందువెనకలు లేకుండా అంతా చెప్పింది. లియాన్ వింది. బ్రయన్ కాళ్ళవైపు చూసుకున్నాడు.

"అంటే, నన్ను పెట్టి పరీక్ష చేశావన్నమాట."

"ఇంకేం చెయ్యను? నువ్వే చెప్పు. ఇంకేం చెయ్యనే?"

లియాన్ తల్లిని దాటుకుని వెళ్ళి, తడిబట్టలతోనే తండ్రి పక్కన నేలమీద పడుకుంది. విల్ఫ్ ఎడమచెయ్యి ఆమె జుట్టులోని ఇసుకని తడుముతూ ఉండిపోయింది.

ట్రాక్టరు దొరకలేదు. కొన్ని రోజులు ఆటులో పొగగొట్టం కొస కనిపించిందన్నారు, తర్వాత అదీ లేదు. లియాన్ మళ్ళీ ఇసుకల మీదికి వెళ్ళలేదు. పక్క టౌనులో బడి వంటింట్లో పనికి చేరింది. ఆదివారాలు వచ్చేది, తండ్రికి గడ్డం గీసేది, తల్లి టీ ఇస్తే తాగేది. తల్లి ఏం చెప్పినా "అవునా" అనేది, అంతే. తప్పెవరిదని అడిగితే ఇద్దరూ తమదే అని ఉండేవాళ్ళు. అడిగినవాళ్ళు లేరు. అవ్రిల్ కుర్చీని కిటికీ దగ్గర్నుంచి తీసి పొయ్యి వైపు తిప్పింది. విల్ఫ్ అడ్డు చెప్పలేదు.

బెత్ రావడం మానలేదు. బొమ్మలు చూపించేది, పాటలు పాడించేది. ఏడాది తిరిగి మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక ఉదయం అవ్రిల్ ఓట్స్ గంజి చెంచాతో నోటికి అందిస్తుంటే విల్ఫ్ మొహం తిప్పుకుని, గిన్నెలోకి చూసి, "మంగళవారం," అన్నాడు.

చెంచా జారిపోయింది. "ఏంటీ?"

"మంగళవారం."

లియాన్‌కి ఫోన్ చేసింది. లియాన్ బడి వంటింట్లోంచి ఏప్రన్‌తోనే బస్సెక్కి వచ్చేసింది. తల్లీకూతుళ్ళు భోజనాల బల్ల దగ్గర అటూ ఇటూ కూర్చుని పాత రోజులు తవ్వడం మొదలుపెట్టారు. పెళ్ళి శనివారం. లియాన్ పుట్టింది ఆదివారం. అతను పడిపోయింది గురువారం. విల్ఫ్ వాళ్ళ అమ్మ పోయింది మంగళవారమా? కాదు, సోమవారం. చేపల లారీ వచ్చే రోజా? అదీ కాదు. బెత్‌కి ఫోన్ చేస్తే, "దానికి అర్థం ఉండకపోవచ్చండీ, దారి తెరుచుకుంటోందేమో, తెరుచుకోకపోవచ్చు కూడా," అంది.

"ఇన్నాళ్ళూ కూర్చుని ఆలోచించి, మంగళవారమా నాన్నా?" అంది లియాన్. అని, ఆపుకోలేక నవ్వేసింది. అవ్రిల్ కూడా నవ్వింది. నవ్వుతూనే బల్ల మీద తల ఆనించి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. లియాన్ చెయ్యి చాచింది, ఆగింది, తర్వాత తల్లి వీపు మీద పెట్టి అలాగే ఉంచింది.

విల్ఫ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మంగళవారం," అన్నాడు మళ్ళీ, ఈసారి కాస్త విసుగ్గా.

ఆ రోజు శుక్రవారం. లియాన్ కుర్చీ దగ్గరికి లాక్కుని, చల్లారిపోయిన గంజిగిన్నె అందుకుంది.